సముద్రంలో తలుపు

కువైటులోని సాల్మియాలో అబూ ఖాలిద్ ఆఫీసుకు ఒక గోడంతా సముద్రమే. నేల నుంచి కప్పు దాకా అంటించిన రంగుల కాయితం. ముందు తెల్లటి ఇల్లు, దానికి నీలం కిటికీలు, పక్కన నిమ్మచెట్లు, గేటు దగ్గర ఎర్ర కారు, వెనకంతా నీళ్ళు. అది సైప్రస్ అనే ద్వీపం. అరబ్బులు ఖుబ్రుస్ అంటారు. అక్కడి ఇళ్ళను ఇక్కడి కువైటీలకు అమ్మడం అబూ ఖాలిద్ వ్యాపారం. స్టోర్‌రూము తలుపు కూడా ఆ గోడలోనే ఉంది. కాయితం అంటించినవాళ్ళు తలుపని చూడకుండా దాని మీద కూడా అంటించిపోయారు. దూరం నుంచి చూస్తే తలుపు ఉన్నట్టే తెలియదు. నీళ్ళ మధ్యలో ఇత్తడి పిడి ఒకటి ముక్కుపుడకలాగా మెరుస్తుంటుంది, అంతే.

చిన్నపుల్లయ్య ఆ ఇంటి డ్రైవరు. రాయచోటి దగ్గర లక్కిరెడ్డిపల్లె. వీసాలో డ్రైవరని రాసి ఉన్నా పొద్దున్నే ఆఫీసు తెరిచేదీ, ఊడ్చేదీ, వచ్చినవాళ్ళకు టీ పోసేదీ అతనే. ఎండ మొహం ఎరగనివాళ్ళకు ఎండ మంట లేని దేశాన్ని అమ్మే ఆఫీసు అది. నడినెత్తి మీద ఎండ పెట్టుకుని కారు తుడిచేవాడికి లోపలికొచ్చాక ఆ చల్లటి బొమ్మను తుడిచే పని.

అమ్మడానికి లెబనాన్ నుంచి వచ్చిన సేల్స్‌మన్ ఒకడుండేవాడు. వాడు ఆ గోడ ముందు నిలబడి చెయ్యి ఊపుతూ చెబుతుంటే పుల్లయ్య టీ పళ్ళెం పట్టుకుని వినేవాడు. అక్కడ ఎండ మనిషిని కొట్టదు, తల్లి చెయ్యి లాగా తాకుతుంది. సాయంత్రమైతే కొండ మీద నుంచి మల్లెల వాసన దిగుతుంది. ఇల్లు కొన్నవాడికి ఉండటానికి కాయితాలు వాళ్ళే ఇస్తారు. నీ ఇంట్లో నువ్వేం తింటున్నావో, ఏం తాగుతున్నావో అడిగే నాథుడుండడు. విని విని ఆ పాఠం పుల్లయ్యకు కంఠతా వచ్చింది. అయిదో తరగతి పాఠాలు కూడా అంత బాగా రాలేదు వాడికి.

కువైటుకు వచ్చినవాడు ఎవడైనా చేసే పని ఒకటుంది. సేఠు కారుకు ఆనుకుని, సేఠు సోఫాలో కూర్చుని ఫోటో దిగి ఊరికి పంపడం. ఇంటిదగ్గర దాన్ని చట్రం కట్టించి దేవుడి పటాల పక్కన పెడతారు. లక్కిరెడ్డిపల్లెలో అట్లాంటి ఫోటో లేని ఇల్లు లేదు. అందరూ కారు పక్కనే దిగేసరికి కారుకు విలువ పోయింది. అందుకే పుల్లయ్య ఒక శుక్రవారం సేల్స్‌మన్ చేతికి కెమెరా ఇచ్చి సముద్రం ముందు నిలబడ్డాడు. పిడి కనపడకుండా మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. 'సేఠుతో పాటు సైప్రస్ పోయినప్పుడు' అని వెనక రాసి ఒకటి పెళ్ళానికి పంపాడు, ఒకటి దగ్గర పెట్టుకున్నాడు. ఊళ్ళో వాడి పరపతి ఆ దెబ్బకు రెట్టింపయింది. సేఠు ఇల్లున్న సల్వాలో పక్కిళ్ళ డ్రైవర్లు కూడా నమ్మారు. నమ్మేకొద్దీ పుల్లయ్య చెప్పాడు, చెప్పేకొద్దీ నోటికి అలవాటైపోయింది. ఆ ద్వీపం ఎట్లా ఉంటుందన్నా అని ఎవడైనా అడిగితే చాలు, మల్లెల వాసన దగ్గర మొదలుపెట్టేవాడు.

ఇరాక్ సైన్యం కువైటులోకి దిగిన ఆ ఆగస్టులో అబూ ఖాలిద్ కుటుంబమంతా నిజం సైప్రస్‌లోనే ఉంది. ఎండలు ముదరకముందే పోయారు. పనివాళ్ళ పాస్‌పోర్టులు ఎప్పటిలాగే సేఠు పెట్టెలో వేసుకునిపోయాడు. సల్వాలోని ఇంట్లో మిగిలింది పుల్లయ్య, ఇద్దరు ఆడవాళ్ళు. రాయచోటి జైతున్‌బీ వంట చేస్తుంది. రాజోలు నుంచి వచ్చిన ఫ్లోరెన్సు పిల్లల్ని చూసుకుంటుంది. ద్వీపంలో కూర్చున్నవాళ్ళకు ఏమీ కాలేదు. ఇంటికి కాపలా ఉన్నవాళ్ళ నెత్తి మీదికి వచ్చింది.

మొదట్లో సైనికులు దుకాణాల మీద పడ్డారు. తర్వాత ఇళ్ళ మీద. ఒకరోజు మధ్యాహ్నం రెండిళ్ళవతల నుంచి ఆడమనిషి అరుపు వినపడింది. ఒక్కసారే. మళ్ళీ వినపడలేదు. మళ్ళీ వినపడకపోవడానికే ముగ్గురికీ ఎక్కువ భయమేసింది. జైతున్‌బీ చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది.

"పుల్లయ్యన్నా, నన్ను యాడన్నా పాతిపెట్టన్నా," అంది. "ఈడ మాత్రం ఉంచొద్దు."

పుల్లయ్యకు ఆఫీసు స్టోర్‌రూము గుర్తొచ్చింది. ఆఫీసు అద్దాలు అప్పటికే పగిలిపోయాయి, టైపు మిషను, ఫ్యాను, ఫ్రిజ్జు ఎప్పుడో పోయాయి. దోచుకున్న దుకాణం వైపు దొంగ మళ్ళీ చూడడు. అరబ్బు ఆడవాళ్ళు వేసుకునే నల్లటి అబాయాలు ఇద్దరికీ తొడిగించి, కారు వెనక సీటు కింద పడుకోబెట్టి, పైన కర్టెన్ గుడ్డలు కప్పి, పట్టపగలే తీసుకుపోయాడు. తలుపుకు లోపల గడియ లేదు. బయటి నుంచి తాళం తిప్పితేనే మూతపడుతుంది. లేకపోతే గాలికి కూడా తెరుచుకుంటుంది. తాళం వేసి తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. జేబులు వెతుకుతారు, చేతి గడియారాలు లాక్కుంటారు గానీ ప్యాంటు లోపల మొలతాడు ఒకటి ఉంటుందని ఆ సైనికులకు తెలియదు.

అప్పటి నుంచి రోజూ మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా తిరగని వేళ, రొట్టెలూ నీళ్ళ డబ్బా పట్టుకుని పోయేవాడు. లోపల బల్బు లేదు, కిటికీ లేదు, మరుగుదొడ్డి లేదు. మూలన మూత పెట్టిన బకెట్టు ఒకటి. తీసుకుపోయి పారబోసి వచ్చేది కూడా అతనే. ఆ బకెట్టు అందించేటప్పుడు ఫ్లోరెన్సు మొహం పక్కకు తిప్పుకునేది. జైతున్‌బీకి దుమ్ముకు దగ్గు పట్టుకుంది.

"చీకట్లో దేవుడిక్కూడా మేం కనపడమేమోనండీ పుల్లయ్యగారూ," అంది ఫ్లోరెన్సు ఒకరోజు.

"దేవునికి కనపడకపోయినా పర్వాల్యా మ్మే. ఆ మిల్ట్రీ నాకొడుకులకు కనపడకుంటే చాలు."

"మీరు రాకపోతే?" అంది ఆమె. "మీకేవన్నా అయితే, తాళం మీకాడే ఉంది గదండీ."

పుల్లయ్య తలుపు మూసి తాళం తిప్పాడు. ఆ మాట ఆ రాత్రంతా మొలతాడు దగ్గర గుచ్చుకుంటూనే ఉంది. మనిషికి మరుగు కల్పించడం ఒక ఎత్తు. మరుగుకూ గోరీకీ మధ్య తేడా ఒక్క తాళంచెవి కావడం ఇంకొక ఎత్తు.

సల్వా ఇంటికి సైనికులు వచ్చినప్పుడు పుల్లయ్య నీళ్ళ డబ్బా నింపుతున్నాడు. వచ్చింది ఇద్దరే. ఒకడు నకీబు, అంటే కెప్టెన్. నలభై దాటినవాడు, కళ్ళకింద నల్లచారలు. ఇంకొకడు తుపాకీ పట్టుకున్న బక్కపలచ సైనికుడు. గదులన్నీ తిరిగారు. నకీబు పెద్ద హాల్లో సోఫా మీద కూర్చుని కుటుంబం ఆల్బమ్ తిరగేస్తుంటే సైనికుడు పుల్లయ్య గదిలోకి పోయి ట్రంకు పెట్టె బోర్లించాడు. లుంగీలు, అగరొత్తులు, ఊరగాయ సీసా, పాలిథీన్ కవరులో చుట్టిన ఫోటో.

నకీబు ఫోటో చూశాడు. పుల్లయ్యను చూశాడు.

"ఇది ఎక్కడ?"

ఆలోచించి చెప్పి ఉంటే ఏమని చెప్పేవాడో. ఆలోచించలేదు. ఏడాదిగా ఆ ప్రశ్నకు ఒకే జవాబు చెప్పిన నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఖుబ్రుస్, సీదీ."

సీదీ అంటే అయ్యా అని. మాట బయటపడ్డాక గానీ తాను ఏం చేశాడో పుల్లయ్యకు తెలియలేదు. నకీబు ఆల్బమ్ మూసి పక్కన పెట్టాడు.

"కువైటీలు డ్రైవర్లను ద్వీపాలకు తీసుకుపోతారా?"

"నన్ను తీసుకుపోయినారు."

"అంత నమ్మకస్తుడివన్న మాట." గొంతు మెత్తగానే ఉంది. "అయితే ఈ ఇంటివాళ్ళు ఎవరెవరు ఊళ్ళోనే ఉన్నారో, ఎవర్ని ఎక్కడ దాచారో నీకు తెలిసే ఉంటుంది. దండెం మీద ఆడవాళ్ళ బట్టలున్నాయి. ఎవరివి?"

"పనివాళ్ళవి. మా దేశం వాళ్ళతో కలిసి బస్రా దారిన పోయినారు."

"బట్టలు వదిలిపెట్టి?"

సైనికుడు తుపాకీ మడమతో భుజం మీద ఒక్కటి వేశాడు. పుల్లయ్య గోడకు తగిలి కిందికి జారాడు. నొప్పికన్నా ముందు మొలతాడుకున్న తాళంచెవి చప్పుడు చేసిందేమోనన్న భయం పొడిచింది.

అప్పుడు వాడి బుర్రలో లెక్క తిరిగింది. 'సీదీ, నేను పోలేదు, గొప్పకు చెప్పుకున్నా' అనొచ్చు. అంటే మరుక్షణం వచ్చే ప్రశ్న, 'మరి ఈ ఫోటో ఎక్కడ దిగావు?' దిగిన చోటు ఆ తలుపు ముందు. తలుపు వెనక వాళ్ళు. పోయానంటే తన మీదికి వస్తుంది, పోలేదంటే వాళ్ళ మీదికి పోతుంది. ఊళ్ళో పరపతి కోసం ఆడిన అబద్ధాన్ని ఇప్పుడు ప్రాణం అడ్డమేసి కాపాడాల్సి వచ్చింది. ఇంతకన్నా ఏడుపు ఏముంటుంది.

నకీబు ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టాడు. "ఆకాశంలో ఈ గీత ఏమిటి?"

తలుపు అంచు. కాయితం అక్కడ పైనుంచి కిందికి సన్నగా చీలి ఉంటుంది.

"మడత సీదీ. పెట్టెలో మడతపడింది."

నకీబు బొటనవేలితో ఆ గీతను రుద్దాడు. ఫోటో మోకాలి మీద పెట్టుకుని పుల్లయ్య మొహం చూశాడు.

"నువ్వు డ్రైవరువి కదా. ఖుబ్రుస్‌లో కారు రోడ్డుకు ఏ పక్కన నడుపుతారు?"

కువైటులో కుడిపక్క. ఇరాక్‌లో కుడిపక్క. తెలియనివాడు ఎవడైనా కుడి అనే అంటాడు. కానీ పుల్లయ్య గోడ మీది ఎర్ర కారును రోజూ తడిగుడ్డతో తుడిచినవాడు. దాని స్టీరింగు కుడిచేతి వైపు ఉంటుంది, రాయచోటి బస్సుకున్నట్టు. అంటే ఆ దేశంలో బండి ఎడమపక్కన పోతుంది. కుడి అంటే అబద్ధం అక్కడికక్కడే పగిలిపోతుంది. ఎడమ అంటే తాను సేఠు కుడిభుజమని ఒప్పుకున్నట్టే.

"ఎడమ పక్కన."

నకీబు ఆల్బమ్ మళ్ళీ తెరిచాడు. ఒక్కొక్క పేజీ తిప్పుతూ పోయాడు. అబూ ఖాలిద్ ద్వీపంలో ఏదో కారు నడుపుతున్న ఫోటో దగ్గర ఆగాడు. స్టీరింగు చూశాడు. తల ఊపాడు.

"నిజమే, పోయావు."

పుల్లయ్యకు ఏడవాలో కాళ్ళు పట్టుకోవాలో తెలియలేదు. ఇప్పుడు కొడతారనుకున్నాడు. ఆ నకీబు కొట్టలేదు. బల్ల మీద పడివున్న ఇళ్ళ బొమ్మల పుస్తకం, ఆఫీసులో కొనేవాళ్ళకు పంచేది, తీసుకుని సోఫాలో వెనక్కి వాలాడు.

"చెప్పు. ఎట్లా ఉంటుంది?"

"ఏంది సీదీ?"

"ఎట్లా ఉంటుందో చెప్పమంటున్నా. ఎండ ఎట్లా ఉంటుంది?"

పుల్లయ్య నేల మీద కూర్చుని, భుజం పట్టుకుని లెబనాను వాడి పాఠం మొదలుపెట్టాడు. ఎండ కొట్టదు, తల్లి చెయ్యి లాగా తాకుతుంది. నిమ్మచెట్లు గోడ దాటి రోడ్డు మీదికి వంగుతాయి. చేపలు పట్టేవాళ్ళు పొద్దున్నే ఇంటి ముందుకే వస్తారు. సాయంత్రం మల్లెల వాసన దిగుతుంది. సగం అరబ్బీ, సగం సైగలు. నకీబు కళ్ళు మూసుకున్నాడు. తుపాకీ ఉన్న సైనికుడు కూడా గుమ్మానికి ఆనుకుని నోరు తెరిచి వింటున్నాడు. ప్రాణభయంతో చెప్పినవాడికన్నా బాగా సరుకు అమ్మేవాడు ఉండడు. ఆ సేల్స్‌మన్ జన్మలో అంత బాగా చెప్పి ఉండడు.

"ఎనిమిదేళ్ళు ఇరాన్ మీద యుద్ధంలో గుంటల్లో పడుకున్నా," అన్నాడు నకీబు కళ్ళు తెరవకుండానే. "ఇప్పుడిక్కడ. నా పెళ్ళాం సముద్రం చూడలేదు." పుస్తకం వెనక అట్ట తిప్పాడు. అక్కడ అరబ్బీలో ఆఫీసు అడ్రసు ఉంది. "సాల్మియా. ఈ ఇళ్ళు అమ్మే చోటు ఇదేనా? పద, చూపించు. యల్లా."

ఏ చోటును దాయడానికి ఇంతసేపూ చచ్చాడో ఆ చోటుకే కారు తనే నడుపుకుంటూ పోవాల్సి వచ్చింది. పక్కసీట్లో నకీబు, ఒళ్ళో ఫోటో, సేఠు ఇంట్లో దొరికిన కెమెరా. అది తీయగానే ఫోటో బయటికి కక్కే రకం. వెనక సైనికుడు. తుపాకీ గొట్టం పుల్లయ్య మెడ వెనక ఊగుతోంది. దారి తప్పిద్దామా అనుకున్నాడు. ప్రతి మలుపులోనూ సైనికులే. నీళ్ళ డబ్బా వంటింట్లోనే ఉండిపోయింది. ఆడవాళ్ళు నిన్న మధ్యాహ్నం తాగిన నీళ్ళే నీళ్ళు. మామూలుగా తాను పోయే వేళ ఇదే. అడుగుల చప్పుడు వినగానే తానే అనుకుని జైతున్‌బీ 'అన్నా' అని పిలిస్తే?

ఆఫీసు ముందు ఆపేటప్పుడు హారన్ గట్టిగా నొక్కాడు.

సైనికుడు గొట్టంతో మెడ మీద పొడిచాడు. "ఎందుకు?"

"పిల్లి అడ్డం వచ్చింది."

రోడ్డు మీద పిల్లి లేదు. నకీబు అప్పటికే దిగిపోయాడు.

లోపల అద్దం పెంకులు బూట్ల కింద కరకరలాడాయి. నకీబు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఎదురుగా తెల్లటి ఇల్లు, నిమ్మచెట్లు, ఎర్ర కారు, నీళ్ళు. చేతిలోని ఫోటో చూశాడు. గోడ చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు. గదిలో ఈగ తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది.

"నువ్వు పోలేదు," అన్నాడు.

పుల్లయ్య పెంకుల మీదే కూలబడి రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

"పోలేదు సీదీ. అబద్ధం."

"ప్రాణం మీదికి వచ్చినా అబద్ధం వదల్లేదు. ఎందుకు? ఎవర్ని దాస్తున్నావు?"

దీనికి జవాబు తడుముకుంటే అంతా అయిపోతుంది. పుల్లయ్య తడుముకోలేదు. ఈసారి నిజమే చెప్పాడు, కాకపోతే నిజంలో సగం.

"సిగ్గయింది సీదీ. మా ఊళ్ళో అందరూ నన్ను చదువు రానోడంటారు. గొర్లు కాసినోడంటారు. నేను ఆ దేశం చూసినానంటే నా పెళ్ళాన్ని పెద్దింటోళ్ళు పేరంటానికి పిలిచినారు. ఒక్కసారి చెప్పినాక ఎట్ల కాదంటా? మీరు అడిగితే అదే నోట్లోకొచ్చింది. కాదంటే చంపుతారని భయపడినా, ఔనన్నా చంపుతారని భయపడినా."

"కారు ఎడమపక్కన నడుపుతారని ఎట్లా తెలుసు?"

"మా దేశంలో కూడా ఎడమపక్కనే. ఆ బొమ్మలో కారు చూడండి."

నకీబు గోడ మీది ఎర్ర కారు దగ్గరికి పోయి వంగి చూశాడు. తలుపు అంచుకు జానెడు దూరం. ఉన్నట్టుండి వాడికి నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి వచ్చింది. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. సైనికుడు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. పుల్లయ్య కూడా పళ్ళు బయటపెట్టాడు. నవ్వకపోతే ఏమనుకుంటారోనని.

నవ్వు ఆగాక నకీబు మొహం తుడుచుకున్నాడు. టోపీ తీశాడు. నడుముకున్న పిస్తోలు బెల్టు విప్పి సైనికుడి చేతికిచ్చాడు. చొక్కా మీది పట్టీలు కనపడకుండా, సైనికుడి భుజం మీదున్న తెల్లటి తువ్వాలు తీసి మెడ చుట్టూ వేసుకున్నాడు. కెమెరా పుల్లయ్య ఒళ్ళోకి విసిరాడు.

"తియ్యి. నువ్వు నిలబడిన చోటే నిలబడతా. మా ఆవిడ కూడా పదిమందికి చూపించుకోవాలి కదా."

పోయి సముద్రం ముందు నిలబడ్డాడు. వీపు తలుపుకు ఆనింది.

పుల్లయ్య కెమెరా కంటికి పెట్టుకున్నాడు. చిన్న గాజు కిటికీలో నకీబు, వాడి వెనక నీళ్ళు, నీళ్ళ వెనక అంగుళం మందం చెక్క, దాని వెనక ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళ ఊపిరి వాడి వీపుకు తగులుతుందేమో. జైతున్‌బీ దగ్గు. నిన్న మాట్లాడినంతసేపూ ఆగకుండా దగ్గింది. ఇప్పుడు దగ్గుతుంది. ఇప్పుడు. ఇప్పుడు. మీట నొక్కాల్సిన వేలు నొక్కడం లేదు.

"ఇంకా తియ్యవేం?"

"పొద్దుట్నుంచి తినలేదు సీదీ, కళ్ళు తిరుగుతున్నాయి."

నకీబు సరిగ్గా నిలబడబోతూ మోచెయ్యి వెనక్కి జరిపాడు. పిడి తగిలింది. వెనక్కి తిరిగాడు. పిడి పట్టుకుని తిప్పాడు. కిర్రుమంది, తెరుచుకోలేదు.

"ఇక్కడ తలుపుందే. ఏముంది లోపల?"

పుల్లయ్యకన్నా ముందు వాసనే జవాబు చెప్పింది. కిందటి మధ్యాహ్నం నుంచి తీయని బకెట్టు, ఆగస్టు ఉడుకులో, తలుపు సందులోంచి బయటికి కొడుతోంది. నకీబు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"పాయిఖానా సీదీ," అన్నాడు పుల్లయ్య ఆ ఊతం పట్టుకుని. "గొట్టం పగిలింది. లోపలంతా నిండిపోయి ఉంది. తెరిస్తే పొంగి వస్తాదని సేఠు తాళం వేయించినాడు. చెవి ఆయన దగ్గరే ఉంది."

సైనికుడు తుపాకీ భుజానికెత్తాడు. "తాళం కాల్చమంటారా?"

నకీబు ఒక్క క్షణం తలుపును చూశాడు. తర్వాత తలుపు మీద అంటించిన ఆకాశాన్ని చూశాడు.

"గాడిద కొడకా, బొమ్మ పాడవుతుంది," అన్నాడు. "పైగా ఆ కంపు ఎవడు పీలుస్తాడు?"

మళ్ళీ పోయి పిడిని నడుముతో కప్పి నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి, సముద్రపు గాలి పీలుస్తున్నవాడిలా మొహం పెట్టి, తొందరగా అని వేలు ఆడించాడు. పుల్లయ్య నొక్కాడు. కెమెరా కడుపులోంచి తెల్ల అట్ట బయటికొచ్చింది. ముగ్గురూ దాని మీదికి వంగారు. మసక మెల్లగా విడిపోయింది. మధ్యధరా ఒడ్డున, నిమ్మచెట్ల దగ్గర, సెలవుల్లో ఉన్న మనిషి ఒకడు కనపడ్డాడు. నకీబు దాన్ని ఆరబెడుతూ చాలాసేపు చూసుకున్నాడు.

"ఈ గాజు పెంకులు ఊడ్చి పెట్టు," అన్నాడు పోతూ. "రేపు మా వాళ్ళందర్నీ తీసుకొస్తా. అందరికీ పెళ్ళాలున్నారు. ఆ గొట్టం కూడా బాగుచేసేవాణ్ణి పట్టుకొస్తా."

కారు తాళాలు లాక్కున్నారు. కారు మలుపు తిరిగే దాకా పుల్లయ్య చీపురు పట్టుకుని ఊడుస్తూనే ఉన్నాడు. చప్పుడు పోయాక కూడా ఊడ్చాడు. తర్వాత చీపురు వదిలేసి మొలతాడు తడుముకున్నాడు. ముడి చెమటకు బిగుసుకుపోయింది. గోళ్ళతో రాలేదు. చివరికి చొక్కా ఎత్తి, ప్యాంటు జార్చి, అట్లాగే తలుపుకు ఆనుకుని తాళంలో చెవి తిప్పాడు.

లోపల ఫ్లోరెన్సు నేల మీద కూర్చుని జైతున్‌బీని ఒళ్ళో అదిమిపట్టుకుని ఉంది. జైతున్‌బీ నోటి నిండా చున్నీ కుక్కి ఉంది. కళ్ళు తేలేసింది. ఫ్లోరెన్సు చెయ్యి దాని మీంచి తీయడం లేదు.

"పోయినారు మ్మే. తియ్యి. ఆ గుడ్డ తియ్యి, సచ్చిపోతాది!"

పుల్లయ్యే లాగేశాడు. జైతున్‌బీ గాలి పీల్చింది, దగ్గింది, వాంతి చేసుకుంది. ఆ తర్వాత మాట వచ్చింది.

"హారన్ ఏంటికి కొట్టినావన్నా? నువ్వెప్పుడూ కొట్టవు కదా. అప్పుడే తెలిసింది, నీ ఎనకాల ఎవురో ఉండారని."

"చున్నీ నేనే కుక్కేశానండీ," అంది ఫ్లోరెన్సు. ఆమె వేళ్ళు ఇంకా విప్పుకోలేదు. "నా చెవి పక్కనే మాటాడేడండీ ఆడు. తలుపు ఊగిందండీ బాబూ, నా నుదుటికి తగిలింది. చచ్చిపోయిందేమో అనుకున్నానండీ ఈవిడ, అయినా చెయ్యి తియ్యలేకపోయాను."

"బతికే ఉండాలే. సగమే సచ్చినా," అంది జైతున్‌బీ.

"లేయండి. రేపు వాళ్ళు మందను తోలుకొస్తారంట. ఈడ ఉండేదానికి లేదు."

"ఇప్పుడా? ఎండలోనా? అందరూ చూడరూ?"

"ఎండలోనే. ఎండలో వాళ్ళు సందుల్లోకి దిగరు."

వెలుతుర్లోకి రాగానే ఇద్దరికీ కళ్ళు కనపడలేదు. అబాయాలు మొహం దాకా లాక్కుని అతని చొక్కా చెంగులు చెరొకటీ పట్టుకున్నారు. కారు లేదు. హవల్లిలో మన కడప వాళ్ళు ఉండే రూము దాకా నడవాలి. పెద్ద రోడ్డు వదిలి ఇళ్ళ వెనక చెత్త డబ్బాల సందుల్లోంచి తీసుకుపోయాడు. కాళ్ళు మొద్దుబారిపోయి జైతున్‌బీ పది అడుగులకొకసారి కూలబడేది. లేపేవాడు. ఎక్కడో లారీ చప్పుడైతే ముగ్గురూ గోడకు అంటుకుపోయేవాళ్ళు. ఏ కిటికీలోంచి ఎవరు చూస్తున్నారో తెలియదు. చూసినవాళ్ళు ఎవరూ తలుపు తీసి నీళ్ళు ఇవ్వలేదు. పుల్లయ్య వాళ్ళను తప్పు పట్టలేదు. వాళ్ళ చోట తానుంటే మాత్రం తలుపు తీసేవాడా?

మూడో అంతస్తులో ఆ రూము తలుపు రెండు వేళ్ళ సందు మాత్రమే తెరుచుకుంది.

"ఎవురు?"

"నేను, శివకుమారూ. చిన్నపుల్లయ్యను. ఆడోళ్ళు ఇద్దరుండారు."

"ఇది మగోళ్ళ రూమన్నా. లోపల కాళ్ళు సాపను జాగా ల్యా. ఆడోళ్ళను తెచ్చినావంటే ఆ నాకొడుకులు వాసన పట్టి వస్తారు. వేరే యాడన్నా చూడు."

"వేరే యాడుందిరా?"

"మాకు మాత్రం ప్రాణాలు కావన్నా?"

సందు మూసుకోబోయింది. లోపల నుంచి ఒక ముసలి చెయ్యి శివకుమార్ మణికట్టు పట్టుకుంది. అది పక్కిళ్ళలో గిన్నెలు తోమే, అందరూ పెద్దక్క అని పిలిచే ఆమెది. నాలుగు రోజుల ముందు ఆమె కూడా ఇట్లాగే వచ్చి ఈ గుమ్మం ముందు నిలబడిందట.

"ఒరే, నీయమ్మ కువైటుకు వచ్చుంటే?" అంది ఆమె. తలుపు లాగి, జైతున్‌బీని చెయ్యి పట్టుకుని లోపలికి ఈడ్చుకుంది. ఫ్లోరెన్సును ఈడ్చుకుంది. తలుపు మూసుకుంది. పుల్లయ్య బయటే నిలబడిపోయాడు. ఆ నాలుగు క్షణాలూ మెట్ల మీద ఒక్కడే నిలబడి ఉన్నాడు. మళ్ళీ తెరుచుకుంది.

"నువ్వేంది దిష్టిబొమ్మలాగా? రా లోపలికి."

లోపల పదిహేను మందో ఇరవై మందో, ఒకరి మోకాళ్ళ మధ్య ఒకరు. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. ఎవరో గ్లాసుతో నీళ్ళు ఇచ్చారు. ఆడవాళ్ళు ముందు తాగారు. కూర్చోవడానికి మిగిలింది గుమ్మం దగ్గరి చోటొకటే. పుల్లయ్య తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. కింద ఎక్కడో బండి ఆగిన చప్పుడైంది. మెట్ల మీద బూట్లు. ఒక అంతస్తు ఎక్కాయి. అందరూ ఊపిరి బిగబట్టారు. రెండో అంతస్తు ఎక్కాయి. చెక్కలోంచి ఆ అదురు పుల్లయ్య వెన్నులోకి పాకుతోంది. పెద్దక్క చెయ్యి జైతున్‌బీ నోటి మీదికి పోయింది.

బూట్లు రెండో అంతస్తులోనే ఆగాయి. ఎవరిదో తలుపు బాదుతున్నారు.

తమది కాదు. గదిలో అందరికీ ఒక్కసారే ఊపిరి ఆడింది. ఆడినందుకు ఎవరూ ఎవరి మొహం చూసుకోలేదు.